స్టూర్ లోయ చిత్రకారుల సైకిల్ దారి: నాన్నతో రెండు రోజులు సరిపోతాయా?

చిన్నగేరు | మే 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో మా నాన్నగారు లండన్ వస్తున్నారు. ముప్పై రెండేళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. బళ్లో ఆయన గది గోడకు ఎప్పుడూ ఒకటే బొమ్మ ఉండేది. ఏట్లో ఆగిన ఖాళీ బండి, ఎడమపక్క ఎర్ర పెంకుల ఇల్లు, ఒడ్డున నిలబడి బండివైపు చూసే కుక్క. జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్' (గడ్డి బండి). అసలు బొమ్మ చూపించడానికి నేషనల్ గ్యాలరీకి ఎలాగూ తీసుకెళ్తాను. మొన్న ఫోన్లో ఆయన అడిగింది మాత్రం వేరే. "ఆ నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయా అమ్మా?" అన్నారు.

వెతికితే సఫక్, ఎసెక్స్ జిల్లాల సరిహద్దులో స్టూర్ నది వెంట చిత్రకారుల దారి అని 69 మైళ్ల సైకిల్ రూటు కనిపించింది. ఆయనకు 66. రోజూ సైకిల్ తొక్కుతారు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఎత్తు వస్తే దిగి నడుస్తారు. రెండు రోజులు సరిపోతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి? దారి పొడవునా నది కనిపిస్తుందా?

గట్టు_దారి | మే 6, రాత్రి 10:25

చిన్నగేరు గారూ, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, లేకపోతే అక్కడికి వెళ్లాక నిరాశ పడతారు. కనిపించదు. సైకిల్ రూటు చాలా భాగం నదికి అటూ ఇటూ ఉన్న దిబ్బల మీద సన్నటి ఊరి దారుల్లో పోతుంది. కాసేపు జీవకంచెల మధ్య, కాసేపు గోధుమ చేల పక్కన, అప్పుడప్పుడూ లోయలోకి దిగి ఒక వంతెన దాటి మళ్లీ ఎక్కుతుంది. నదిని ఆనుకుని ఉన్నది కాలిబాట. అక్కడికి సైకిల్ దిగి వెళ్లాలి. ఈ లోయలో చూడాల్సినవన్నీ సైకిల్ దిగాక మొదలవుతాయి.

69 మైళ్లంటే దాదాపు 111 కిలోమీటర్లు. అది చుట్లు, అడ్డదారులు అన్నీ కలిపిన లెక్క. మానింగ్‌ట్రీలో మొదలుపెట్టి సడ్‌బరీలో ఆపేస్తే అందులో సగం కూడా ఉండదు. రెండు చోట్లా రైలు స్టేషన్ ఉంది కాబట్టి వచ్చిన దారినే తిరిగి తొక్కే పని లేదు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి మానింగ్‌ట్రీకి గంట ప్రయాణం. ఆ లైన్లో ఇంటర్‌సిటీ బండి ఎక్కేటట్టయితే సైకిలుకు ముందే చోటు రిజర్వు చేసుకోండి, దానికి డబ్బు తీసుకోరు. రద్దీ వేళల్లో ఎక్కనివ్వని బండ్లు ఉంటాయి, అది కూడా చూసుకోండి. సడ్‌బరీ నుంచి వచ్చేటప్పుడు చిన్న బండి, మార్క్స్ టేలో మారాలి.

నూటపది | మే 7, ఉదయం 6:10

నా అభిప్రాయం వేరు. మొత్తం 111 ఒక్కరోజులో తొక్కండి. జూన్లో అక్కడ నాలుగున్నరకల్లా తెల్లారుతుంది, రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది. నేను రెండుసార్లు అలాగే చేశాను. పరుగు కోసం చెప్పడం లేదు. సడ్‌బరీలో పిల్లకాలువలా పచ్చిక బయళ్ల మధ్య తిరిగే నది, సాయంత్రానికి మానింగ్‌ట్రీ దగ్గర ఉప్పునీటి బురదలోకి విప్పారుతుంది. ఆ మార్పు ఒకే రోజులో కళ్లముందు జరిగితే తప్ప ఇది ఒక్కటే నది అని ఒంటికి పట్టదు. రెండు రోజులు చేస్తే అది రెండు వేర్వేరు ఊళ్ల యాత్ర అయిపోతుంది.

నీలిరంగు | మే 7, ఉదయం 8:55

నూటపది గారు చెప్పిన నది మార్పు నిజమే, నాకూ ఇష్టం. కానీ డ్రాయింగ్ మాస్టారు వస్తున్నారండీ. ఆయన స్కెచ్‌బుక్ తీస్తే గంట పోతుంది. రెండు రోజులే సరి, వీలైతే మూడు.

నేను నీటిరంగులు వేస్తాను. నాలుగేళ్లుగా ఏడాదికి రెండుసార్లు అక్కడికి వెళ్తున్నాను. కాన్‌స్టబుల్ బొమ్మల ప్రదేశాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో వెళ్లేదాకా నాకు నమ్మకం కలగలేదు. ఆయన 1776 జూన్ 11న ఈస్ట్ బర్గోల్ట్‌లో పుట్టాడు. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టబుల్‌కు కిందనే ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర నీటిమర ఉండేది, డెడమ్‌లో ఇంకొకటి. (రాతలో డెడ్‌హమ్, ఊళ్లో పలికేది డెడమ్.) ఇల్లు, తండ్రి మర, బడి, ఈ మూడింటి మధ్య పిల్లవాడు తిరిగిన నేల ఎంతో, ఆయన జీవితమంతా గీసిన పెద్ద బొమ్మల నేల దాదాపు అంతే. 'ది వైట్ హార్స్' 1819, 'హే వెయిన్' 1821, 'ది లాక్' 1824, 'ది లీపింగ్ హార్స్' 1825. 'ది లాక్' నిలువు బొమ్మ, మిగతావి దాదాపు ఆరేసి అడుగుల వెడల్పు కాన్వాసులు. సైకిల్ మీద ఆ నేల పావుగంటలో దాటిపోవచ్చు.

'హే వెయిన్' వేసింది మాత్రం అక్కడ కాదు, లండన్ స్టూడియోలో. అంతకుముందు ఏళ్లలో ఫ్లాట్‌ఫర్డ్‌లో చేసుకున్న చిత్తుబొమ్మలు ముందు పెట్టుకుని వేశాడు. ప్రదర్శనకు పెట్టినప్పుడు పేరు 'ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం' అనే అర్థంలో ఉండేది. అందుకని నాన్నగారిని ఉదయం డెడమ్ వైపు తిప్పి, పన్నెండింటికి ఫ్లాట్‌ఫర్డ్ మర చెరువు దగ్గర నిలబెట్టండి, బొమ్మలో ఉన్న నీళ్లు అవే.

లాకు_గేటు | మే 7, మధ్యాహ్నం 1:30

నేను బొమ్మల మనిషిని కాను, కాలువల మనిషిని. చిత్రకారులకంటే ముందు ఈ లోయను పడవలు తయారుచేశాయి. 1705లో పార్లమెంటు చట్టం చేసి, సడ్‌బరీ నుంచి మానింగ్‌ట్రీ దాకా స్టూర్‌ను పడవలు నడిచేలా లాకులు (నీటిమట్టం మార్చి పడవను దాటించే గేట్లు) కట్టించారు. పిండి, ధాన్యం, ఇటుకలు కిందికి, బొగ్గు పైకి. పడవలు రెండేసి జతగా గొలుసుకట్టి ఉండేవి, గట్టు మీద గుర్రం లాగేది. కాన్‌స్టబుల్ ఇంటి బతుకు ఆ పడవల మీదే. 1849లో సడ్‌బరీకి రైలు వచ్చాక సరుకు మెల్లగా అటు మళ్లింది.

సైకిల్ తొక్కేవాళ్లకు నచ్చే సంగతి ఒకటి. గట్టుదారి ఒకే పక్కన ఉండేది కాదు. ఇవతలి గట్టు తెగిపోయి అవతల మొదలయ్యే చోట గుర్రాన్ని పడవలోకి ఎక్కించి దాటించేవాళ్లు. 'ది వైట్ హార్స్'లో ఉన్నది అదే, పడవలో నిలబడ్డ తెల్లగుర్రం. గట్టు మీద పశువులు పొలం మారకుండా మూడడుగుల ఎత్తున అడ్డుకర్రలు ఉండేవి. లాగే గుర్రాలకు వాటి మీదుగా దూకడం నేర్పేవాళ్లు. 'ది లీపింగ్ హార్స్'లో గుర్రం అందుకే ఎగురుతోంది. అది వేటా కాదు, యుద్ధమూ కాదు, పనిలో ఉన్న గుర్రం.

ఫ్లాట్‌ఫర్డ్‌లో పడవలు తయారుచేసిన పొడి రేవు (నీళ్లు తీసేసి పనిచేసే గుంట) ఇప్పటికీ ఉంది. 'పడవ తయారీ' బొమ్మ, 1815లో ప్రదర్శించింది, అక్కడ ఆరుబయట కూర్చుని వేసింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూసి ఆ రేవు అంచున నిలబడితే నాకు చెయ్యి వణికింది.

వాన_చినుకు | మే 7, సాయంత్రం 6:05

అక్కా, డెడమ్ నుంచి ఫ్లాట్‌ఫర్డ్‌కు రోడ్డు చుట్టు. నదిగట్టు మీద పచ్చిక బయలులోంచి నేరుగా దారి ఉంది. పోయిన వేసవిలో నేను దాని మీదే తొక్కేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

గట్టు_దారి | మే 7, రాత్రి 8:15

వాన_చినుకు తమ్ముడూ, ఇది తేల్చి చెప్పాల్సిన విషయం. ఇంగ్లండులో 'ఫుట్‌పాత్' అని బోర్డున్న దారి మీద మనకున్నది నడిచే హక్కు మాత్రమే. సైకిల్ తొక్కితే అది పొలం యజమాని హద్దులోకి అనుమతి లేకుండా వెళ్లినట్టే. 'బ్రైడిల్‌వే' (గుర్రాలు కూడా వెళ్లే దారి) అని ఉంటే తొక్కవచ్చు. 1968 నాటి పల్లెప్రాంతాల చట్టం ఆ హక్కు ఇచ్చింది, అయితే నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలని అందులోనే షరతు. డెడమ్–ఫ్లాట్‌ఫర్డ్ గట్టు కాలిబాట. అక్కడ ఆవులు మేస్తాయి, చిన్న గేట్లు ఉంటాయి, సెలవు రోజు పిల్లలూ ముసలివాళ్లూ బారులు తీరి నడుస్తారు.

ఎవరూ ఏమీ అనకపోవడం వాళ్ల మర్యాద. సైకిళ్లు డెడమ్‌లో తాళం వేసి నడవండి. తాపీగా నడిచినా ముప్పావుగంటలో ఫ్లాట్‌ఫర్డ్ చేరతారు.

వాన_చినుకు | మే 7, రాత్రి 8:50

అర్థమైందన్నా. బోర్డు చూశాను కానీ రెండింటికీ తేడా ఉందని తెలియదు. ఈసారి నడుస్తాను.

నీలిరంగు | మే 8, ఉదయం 7:20

ఆ నడక గురించి ఇంకొక్క మాట. కాన్‌స్టబుల్ డెడమ్ బడికి నడిచిన దారిలో ఫెన్ లేన్ ఉంది. 1826లో వేసిన 'ది కార్న్‌ఫీల్డ్'లో పిల్లవాడు బోర్లా పడుకుని నీళ్లు తాగే సందు అదే. ఈస్ట్ బర్గోల్ట్ నుంచి దిగితే చిన్న వంతెన దాటి పచ్చిక బయలులో కలుస్తుంది. ఓపిక ఉంటే ఒకవైపు గట్టు మీద, ఇంకోవైపు ఫెన్ లేన్‌లో తిరగండి.

ఆకాశం కూడా చూడమనండి. కుర్రతనంలో ఆయన ఏడాదిపాటు తండ్రి గాలిమరలో పనిచేశాడు. గాలిమర నడిపేవాడికి మబ్బు కదలిక తెలియకపోతే పని సాగదు. తర్వాత ఆయన మబ్బులు అంత నమ్మకంగా ఉండటానికి ఆ ఏడాదే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. పదహారేళ్లప్పుడు ఒక మర దూలం మీద చాకుతో గాలిమర బొమ్మ చెక్కి, పేరూ 1792 అనీ వేసుకున్నాడు. ఆ చెక్క ఇప్పటికీ ఉంది.

చిన్నగేరు | మే 8, రాత్రి 10:00

ఎంత వివరంగా చెప్పారండీ! ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బండి నీళ్లలో ఎందుకు ఆగింది?" ముప్పై రెండేళ్లు పిల్లలు అడిగారట, ఆయన ఏదో ఒకటి చెబుతూ వచ్చారట.

లాకు_గేటు | మే 8, రాత్రి 10:40

అక్కడ రేవు ఉంది, బండి అవతలి ఒడ్డు చేలకు దాటుతోంది. దూరంగా కుడిపక్కన గడ్డి కోసేవాళ్లు కనిపిస్తారు, వాళ్ల దగ్గరికే ఖాళీ బండి పోతోంది. ఇంకో మాట కూడా అంటారు. ఎండాకాలం చెక్కచక్రం ఎండి కుంచించుకుపోతే చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులవుతుంది. నీళ్లలో కాసేపు నిలిపితే చెక్క ఉబ్బి పట్టా బిగుస్తుంది. గుర్రాల కాళ్లకూ చల్లన. మాస్టారికి రెండూ చెప్పండి.

పాత_పెడల్ | మే 9, ఉదయం 5:45

రెండో రోజు గురించి ఎవరూ రాయలేదు. అందరూ ఫ్లాట్‌ఫర్డ్‌లోనే ఆగిపోతారు, పైలోయకు అన్యాయం జరుగుతుంది.

డెడమ్ నుంచి పడమరకు వెళ్తే మొదట ఎ12 పెద్ద రోడ్డు అడ్డంగా వస్తుంది, దాని హోరు చాలాసేపు వినిపిస్తుంది. అది దాటాక లోయ మళ్లీ మూసుకుంటుంది. లాంగమ్ దగ్గర గన్ హిల్ వైపు ఎక్కి వెనక్కి తిరిగి చూడండి. కాన్‌స్టబుల్ 1802లో ఒకసారి, 1828లో ఒకసారి ఇక్కడి నుంచే 'డెడమ్ వేల్' వేశాడు. మధ్యలో నది వంపు, చివర డెడమ్ చర్చి గోపురం. మొదటిసారి వేసేటప్పటికి ఇరవై ఆరేళ్లు. రెండోసారి వేసిన ఏడాదే భార్య మరియా చనిపోయింది. ఆమె తాత ఈస్ట్ బర్గోల్ట్ చర్చి పెద్ద, ఈ పెళ్లి వద్దని పట్టుబట్టినవాడు. ఏడేళ్లు ఆగి 1816లో పెళ్లి చేసుకున్నారు. ఆ దిబ్బ మీద నిలబడితే నాకు ముందు ఆ రెండు తేదీలే గుర్తొస్తాయి.

తర్వాత స్టోక్-బై-నేలండ్. సఫక్ చదునుగా ఉంటుందని ఎవరైనా అంటే ఈ ఎత్తు చూపించండి. పొట్టిదే కానీ నిటారు. పైన ఇటుక గోపురం 120 అడుగులు, లోయలో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది కాబట్టి దారి తప్పినా అదే గుర్తు. కిందికి దిగితే నేలండ్. అక్కడి చర్చిలో బలిపీఠం వెనక కాన్‌స్టబుల్ వేసిన క్రీస్తు బొమ్మ ఉంది, రొట్టెనూ ద్రాక్షరసాన్నీ ఆశీర్వదిస్తున్నట్టు. చెట్లూ నీళ్లూ వేసే చెయ్యి మనిషి ముఖం దగ్గర ఎంత తడబడిందో చూడటానికైనా ఆగాలి.

వర్మింగ్‌ఫర్డ్‌లో జాన్ నాష్ ఉండేవాడు, ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు. పొలాలు, మొక్కలు. ఆ ఊరి చర్చి పెరట్లోనే ఆయన సమాధి. దారి పక్కన వరసగా నాటిన తెల్ల విల్లో చెట్లు గమనించండి, అవి క్రికెట్ బ్యాట్ల కోసం పెంచేవి. బ్యూర్స్ ఊరు నదికి రెండు పక్కలా ఉంది, సగం సఫక్, సగం ఎసెక్స్.

ఇక సడ్‌బరీ. థామస్ గెయిన్స్‌బరో 1727లో పుట్టిన ఊరు. పుట్టిన ఇల్లు 1961 నుంచి మ్యూజియం, పెద్దగా విస్తరించి 2022లో మళ్లీ తెరిచారు. పెరట్లో చాలా పాత మల్బరీ చెట్టు ఉంది. సడ్‌బరీలో నేటికీ పట్టు నేస్తారు కాబట్టి ఆ చెట్టు అక్కడ అందంగా అమిరింది. ఆయన 'మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్' చూసే ఉంటారు, ఓక్ చెట్టు కింద బెంచీ మీద కూర్చున్న భార్య, పక్కన నిలబడ్డ భర్త. ఆ ఎస్టేటు ఊరికి దగ్గర్లోనే, కానీ ప్రైవేటు భూమి, లోపలికి పోకండి.

నూటపది | మే 9, రాత్రి 7:30

గన్ హిల్ మీద నేను రెండుసార్లూ ఆగలేదు. ఆ రెండు తేదీలు తెలియవు. ఇప్పటికీ ఒక్కరోజు ప్రయాణమే నాకిష్టం, కానీ ఈసారి అక్కడ పావుగంట పెట్టుకుంటాను.

నీలిరంగు | మే 9, రాత్రి 9:05

మాస్టారికి చెప్పడానికి ఒక కథ. 1832లో కాన్‌స్టబుల్ గుర్రబ్బండిలో లండన్ తిరిగొస్తున్నాడు. బండిలో ముగ్గురూ ఒకరికొకరు తెలియదు. డెడమ్ లోయ దాటుతుంటే 'ఎంత అందంగా ఉంది' అన్నాడు. పక్కాయన, 'అవునండీ, ఇది కాన్‌స్టబుల్ దేశం' అన్నాడు. ఇంకేమైనా అని మాట పాడుచేస్తాడేమోనని వెంటనే తానెవరో చెప్పేశాడట. ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు.

చిన్నగేరు | జూన్ 17, రాత్రి 8:20

తిరిగొచ్చాం. రెండు రోజులు అనుకున్నది మూడైంది.

మొదటి రోజు మానింగ్‌ట్రీ నుంచి ఈస్ట్ బర్గోల్ట్ చేరేసరికి పదయింది. అక్కడి చర్చి గురించి మీరెవరూ చెప్పలేదు! గోపురం కట్టడం పదహారో శతాబ్దంలోనే ఆగిపోతే, గంటల్ని నేల మీద ఒక చెక్క పంజరంలో పెట్టారు. 1531 నుంచి ఆ పంజరంలోనే ఉన్నాయి. తాళ్లతో కాదు, మనుషులే చేతుల్తో ఊపి మోగిస్తారట. నాన్న ఆ పంజరం చుట్టూ మూడుసార్లు తిరిగారు. కాన్‌స్టబుల్ తల్లిదండ్రుల సమాధి ఆ ఆవరణలోనే ఉంది, 'హే వెయిన్'లో ఇంటి యజమాని విల్లీ లాట్‌దీ అక్కడే. ఎనభై ఏళ్లు దాటిన బతుకులో ఆ ఇంటికి దూరంగా నాలుగంటే నాలుగు రాత్రులే గడిపాడని చెప్పుకుంటారట.

నీలిరంగు గారి మాట ప్రకారం ముందు డెడమ్ వెళ్లి, సైకిళ్లు పెట్టి, గట్టు మీద నడిచి పన్నెండుంబావుకు ఫ్లాట్‌ఫర్డ్ చేరాం. మర చెరువు దగ్గర నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు అలాగే ఉంది. నీళ్లు అలాగే ఉన్నాయి. కుడివైపు చేలు మాత్రం పెరిగిన చెట్ల చాటున పడ్డాయి. "ఇంత చిన్న చోటా!" అన్నారు. తర్వాత, "చిన్నది కాబట్టే పూర్తిగా చూశాడు" అన్నారు.

నేను ఆ ఇల్లు గీస్తారనుకుని పక్కకు జరిగాను. ఆయన ఇంటికి వీపు పెట్టి లాకు దగ్గరికి వెళ్లి, నాచుపట్టిన ఒక పాత గుంజను గంటన్నర గీశారు. ఎందుకని అడిగితే తలెత్తలేదు. మర కట్టల మీంచి దూకే నీళ్ల చప్పుడు, విల్లో చెట్లు, కుళ్లిన పలకలు, నాచుపట్టిన గుంజలు అంటే తనకు ప్రాణమని కాన్‌స్టబుల్ స్నేహితుడికి 1821లో రాసిన సంగతి రాత్రి బసలో నేను చదివాను. చదివి వినిపిస్తే నవ్వి, బొమ్మ కింద తేదీ వేశారు.

గన్ హిల్ మీద వాన పట్టుకుంది. స్టోక్ ఎత్తు ఇద్దరం నడిచాం. నేలండ్ బొమ్మ ముందు నాన్న తీర్పు: "ముఖం కుదరలేదు, చెయ్యి కుదిరింది." పాత_పెడల్ గారూ, మీరు చెప్పిన విల్లో వరసలు చూసి ఆయన సైకిల్ ఆపి ఒక్కో చెట్టూ తట్టి చూశారు. వర్మింగ్‌ఫర్డ్‌లో నాష్ సమాధి వెతకడానికి పొద్దు చాలలేదు.

పాత_పెడల్ | జూన్ 17, రాత్రి 9:10

చెయ్యి కుదిరిందన్న మాట నిజమే సుమా! ఇన్నిసార్లు వెళ్లి ముఖమే చూశాను. మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ గుంజ బొమ్మ ఇక్కడ పెట్టగలరా?

చిన్నగేరు | జూన్ 17, రాత్రి 9:35

అడిగానండీ. ఇంకా అయిపోలేదంటున్నారు. నీటిగీత దగ్గర రంగు తేడా తేలలేదట, మళ్లీ ఒకసారి చూడాలట. నూటపది గారూ, వచ్చే ఆదివారం ఉదయం ఫ్లాట్‌ఫర్డ్‌కు నడక, సైకిళ్లు లేకుండా. మీరు ఆ వైపు వస్తుంటే లాకు దగ్గర ఉంటాం.

నూటపది | జూన్ 17, రాత్రి 9:50

తొమ్మిదింటికి డెడమ్‌లో సైకిల్ కట్టేసి గట్టు మీద నడిచి వస్తాను.